మాటను రికార్డు చేయడానికి వీడియో ఎడిటర్ చాలునా, ఆడియో సాఫ్ట్‌వేర్ వేరుగా కావాలా?

ఆవకాయ కలిపే విధానాన్ని గంటన్నర సేపు చిత్రీకరించి, పన్నెండు నిమిషాలకు కుదించి, వరుస సరిచూసుకుని పెట్టుకున్న వీడియోకు ఇక మాట ఒక్కటే మిగిలి ఉందనుకుందాం. ఎడిటింగ్ చేసిన సాఫ్ట్‌వేర్‌లోనే మైకు తగిలించి, బొమ్మను చూస్తూ చెప్పుకుంటూ పోవడం ఒక పద్ధతి. ఆడాసిటీ వంటి ఆడియో సాఫ్ట్‌వేర్‌లో విడిగా చదివి, తప్పులు తీసేసి, శుభ్రం చేసిన ఫైలును తెచ్చి టైమ్‌లైన్ మీద అమర్చడం రెండో పద్ధతి. నేను రెండు విధాలా పనిచేశాను. ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని అడిగేవారిని నేను తిరిగి అడిగే ప్రశ్న ఒకటుంది: మీ వీడియోలో మాట బొమ్మ వెంట నడుస్తుందా, బొమ్మ మాట వెంట నడుస్తుందా? ఈ ఒక్క సంగతి తేలితే సగం ఎంపిక అయిపోయినట్లే. మిగిలిన సగం మీ గదిని బట్టి, మీ కంప్యూటర్‌ను బట్టి, మీ ఓపికను బట్టి ఉంటుంది.

## ముందుగా చూడవలసిన సంగతులు

వంట, కుట్టుపని, బండి మరమ్మతు వంటి వీడియోలలో చేతులు చేసే పని ముందుగా జరిగిపోయి ఉంటుంది. పోపు చిటపటలాడుతున్న క్షణానికే ఇంగువ మాట రావాలి కాబట్టి, బొమ్మ కనబడుతుండగా మాట్లాడితేనే లయ కుదురుతుంది. కథలు చదివేవారికి, చరిత్ర చెప్పేవారికి, పాఠం చెప్పేవారికి మాటే వెన్నెముక. వారు ముందు మాటను పూర్తిచేసి, దాని మీద పటాలు, ఫోటోలు, చిత్రాలు పేర్చుకుంటారు. మొదటి రకం వారికి వీడియో ఎడిటర్‌లోనే రికార్డు చేసుకునే సౌకర్యం చాలా ముఖ్యం. రెండో రకం వారికి అది దాదాపు అనవసరం.

రెండో సంగతి కత్తిరింపు ఎంత సూక్ష్మంగా చేయగలమన్నది. సాధారణంగా దీనిని ఎవరూ పట్టించుకోరు గాని, తెలుగులో పనిచేసేవారు తప్పక పట్టించుకోవాలి. వీడియో ఎడిటర్ సహజంగా ఫ్రేముల లెక్కన ఆలోచిస్తుంది. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు ఉంటుంది. అదే వ్యవధిలో 48 కిలోహెర్ట్జ్ ఆడియోకు 1920 శాంపిళ్లు, అంటే శబ్దాన్ని కొలిచిన బిందువులు, ఉంటాయి. ఆడియో సాఫ్ట్‌వేర్ వాటిలో ఏ శాంపిల్ దగ్గరైనా కోయగలదు; ఫ్రేములకు కట్టుబడిన ఎడిటర్ 1920 శాంపిళ్లకు ఒకచోట మాత్రమే కోయగలదు.

దీనివల్ల మాటకు ఏమవుతుందో తెలియాలంటే "పట్టం" అనే మాటను రికార్డు చేసి, దాని తరంగాన్ని పెద్దదిగా చేసి చూడండి. "ప" తరువాతి అకారం ఒక దిబ్బలా కనబడుతుంది. ఆ తరువాత నాలుక అంగిలికి ఆనుకుని ఉన్నంతసేపూ చదునైన నిశ్శబ్దం ఉంటుంది. అప్పుడు ఒక్క క్షణం పాటు నిలువు గీతలాంటి విస్ఫోటం వచ్చి, "ట్టం" మొదలవుతుంది. నా గొంతులో ఆ నిశ్శబ్దం నాలుగు ఫ్రేముల దాకా ఉంటుంది. అందులో రెండు ఫ్రేములు తీసేస్తే "పట్టం" కాస్తా "పటం" అవుతుంది. రాజుకు కట్టవలసినది గోడకు తగిలించవలసినదైపోతుంది. ద్విత్వాక్షరాలలోని మౌనం కూడా అక్షరంలో భాగమే. ఖాళీలను తమంతట తామే తొలగించే పరికరాలకు ఈ సంగతి తెలియదు. అందువల్ల అలాంటి పరికరం ఏ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నా, అర సెకను కన్నా చిన్న ఖాళీల జోలికి అది పోకుండా అమర్చుకోవడం అవసరం. మాట లేనప్పుడు చిన్న చప్పుళ్లను మూసేసే నాయిస్ గేటు విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. గేటు తెరుచుకోవడం ఆలస్యమైతే "ట"లోని ఆ విస్ఫోటమే అరిగిపోయి, మాట మొద్దుబారుతుంది.

మూడోది టేకుల నిర్వహణ. ఒకే వాక్యాన్ని నాలుగు సార్లు చెప్పినప్పుడు ఆ నాలుగూ ఎక్కడ నిలుస్తాయి, వాటిని పోల్చి వినడం ఎంత తేలిక అన్నది రోజూ రికార్డు చేసేవారికి గంటల కొద్దీ తేడా తెస్తుంది. దీనితోపాటు మన గొంతు మన హెడ్‌ఫోన్‌లోకి ఎంత ఆలస్యంగా వస్తున్నదో కూడా చూసుకోవాలి. బ్లూటూత్ హెడ్‌సెట్‌తో ఈ పని పెట్టుకోవద్దని నా గట్టి సలహా. ఆలస్యం ఎలాగూ ఉంటుంది. పైగా దాని మైకు వాడుకలోకి రాగానే చాలా హెడ్‌సెట్లు ఫోన్ కాల్ నాణ్యతకు దిగిపోతాయి.

ఇక శుభ్రపరచడం. మన ఇళ్లలో రెండు రకాల రొద ఉంటుంది. సీలింగ్ ఫ్యాను గాలి చప్పుడు అన్ని స్థాయిలలోనూ పరుచుకుని ఉంటుంది. దానికి నాయిస్ రిడక్షన్ కావాలి. కరెంటు నుంచి వచ్చే గుంయ్ మనే హమ్ మాత్రం 50 హెర్ట్జ్ దగ్గరా, దాని గుణిజాలైన 100, 150 హెర్ట్జ్ దగ్గరా గుమికూడి ఉంటుంది. దానికి డీ-హమ్మర్ గాని, ఎంచుకున్న ఒక్క స్థాయినే తీసేసే నాచ్ ఫిల్టర్ గాని కావాలి. ఒకదాని మందు మరొకదానికి పనిచేయదు. ఈ రెండింటిలో మీ గది బాధ ఏదో ముందే విని తెలుసుకుంటే, సాఫ్ట్‌వేర్‌లో ఏమి వెతకాలో తెలుస్తుంది. ఫ్యాను ఆపేస్తే చెమట, వేస్తే చప్పుడు అన్న ఇబ్బంది నాకు తెలియనిది కాదు. అయినా అవకాశం ఉన్నంతవరకు ఆ పది నిమిషాలూ ఫ్యాను ఆపడమే ఏ సాఫ్ట్‌వేర్ కన్నా మేలైన మార్గం.

## డావిన్సీ రిజాల్వ్

వీడియో ఎడిటర్‌లోనే మాట పని మొత్తం ముగించాలనుకునేవారికి నేను మొదట చెప్పే పేరు ఇదే. సినిమాలకు రంగులు సరిదిద్దే వ్యవస్థగా మొదలైన డావిన్సీని బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ సంస్థ 2009లో తీసుకుంది. అదే సంస్థ 2016లో, ఆడియో రంగంలో పేరుగల ఆస్ట్రేలియా సంస్థ ఫెయిర్‌లైట్‌ను కొని, 2017లో వచ్చిన 14వ వెర్షన్ నుంచి దానిని రిజాల్వ్‌లో ఒక పేజీగా చేర్చింది. అందువల్ల ఇందులోని ఆడియో విభాగం వీడియో ఎడిటర్‌కు తగిలించిన అనుబంధంలా ఉండదు. ఒక పూర్తి ఆడియో స్టూడియో, వీడియో టైమ్‌లైన్‌ను పంచుకుంటూ పనిచేస్తుంది. ఉచిత వెర్షన్‌లో కూడా ప్రతి ట్రాకుకూ గొంతు స్వభావాన్ని, హెచ్చుతగ్గులను సరిచేసే ఈక్వలైజర్, కంప్రెసర్, గేటు, లిమిటర్ ఉంటాయి. డీ-హమ్మర్, సకారపు బుసను తగ్గించే డీ-ఎస్సర్, నాయిస్ రిడక్షన్ కూడా దొరుకుతాయి. డీ-హమ్మర్‌లో 50 హెర్ట్జ్, 60 హెర్ట్జ్ అని విడివిడిగా ఎంచుకునే వీలుంది. మన దేశంలో 50 ఎంచుకోవాలి.

రికార్డింగ్ మొదలుపెట్టడం మాత్రం కొత్తవారికి కొంత చిక్కుగా ఉంటుంది. ఫెయిర్‌లైట్ పేజీలో మైకు వచ్చే ఇన్‌పుట్‌ను ఏ ట్రాకుకు కలపాలో ముందుగా ప్యాచ్ చేసి, ఆ ట్రాకును రికార్డుకు సిద్ధపరిచి, ఆ తరువాత ఎర్ర బొత్తాం నొక్కాలి. ఈ మూడు మెట్లలో ఏది తప్పినా ఏమీ రికార్డు కాదు. రికార్డయిన ఫైళ్లు ఏ ఫోల్డర్‌లోకి వెళ్లాలో ప్రాజెక్టు సెట్టింగులలో ముందే చెప్పుకోవడం మంచిది. ఒకసారి అలవాటైన తరువాత దీని అసలు బలం తెలుస్తుంది. ఒకే ట్రాకు మీద మళ్లీ మళ్లీ రికార్డు చేస్తే టేకులు పొరలు పొరలుగా ఒకదాని మీద ఒకటి నిలుస్తాయి, పైన ఉన్నది వినబడుతుంది. పొరలను తెరిచి చూసి, మొదటి టేకులోని సగం వాక్యాన్ని, మూడో టేకులోని మిగతా సగాన్ని కలుపుకోవచ్చు. ఫెయిర్‌లైట్ పేజీలో ఫ్రేము కన్నా సూక్ష్మంగా కోయవచ్చు కాబట్టి, పైన చెప్పిన "పట్టం" ఇబ్బంది ఇక్కడ రాదు.

లఘు చిత్రాలు తీసేవారికి ఇందులో మరొక గొప్ప సౌకర్యం ఉంది. సినిమా డబ్బింగ్ థియేటర్లలో సన్నివేశాన్ని ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కను తిప్పి తిప్పి చూపిస్తూ నటుల చేత చెప్పించే పద్ధతి ఉందిగదా, దానికి కావలసిన ఏడీఆర్ పరికరం ఇందులో ఉంది. డైలాగులను వాటి సమయాలతో సహా జాబితాగా రాసుకుంటే, ప్రతి డైలాగుకు ముందు బీప్‌లు వినిపించి, దానికి వచ్చిన టేకులన్నింటినీ దాని కిందే జమ చేస్తుంది.

కష్టాలు కూడా చెప్పాలి. మంచి గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్ లేని కంప్యూటర్‌లో ఇది బరువుగా నడుస్తుంది. గొంతును మిగతా శబ్దాల నుంచి వేరుచేసే వాయిస్ ఐసొలేషన్ ఉచిత వెర్షన్‌లో రాదు. దానికి 295 డాలర్ల స్టూడియో వెర్షన్ కావాలి. లినక్స్ వాడేవారు ఉచిత వెర్షన్ ఏఏసీ ఆడియోను చదవదని ముందే తెలుసుకోవాలి. ఫోన్లు తీసే వీడియోలలో సాధారణంగా ఆ రకం ఆడియోనే ఉంటుంది కాబట్టి, వాటిని మార్చుకుని తెచ్చుకోవలసి వస్తుంది.

## ప్రీమియర్ ప్రో

బొమ్మను చూస్తూ మాట చెప్పడం ఇంతకన్నా తేలికగా ఉండే సాఫ్ట్‌వేర్ నేను చూడలేదు. ట్రాకు మొదట్లో ఉన్న మైకు గుర్తును నొక్కితే మూడు అంకెలు లెక్కపెట్టి రికార్డింగ్ మొదలవుతుంది. స్పీకర్లు మోగుతుండగా రికార్డు చేస్తే గుయ్యిమనే ప్రతిధ్వని రాకుండా, రికార్డింగ్ సమయంలో ఇన్‌పుట్‌ను మ్యూట్ చేసే ఎంపిక ఆడియో ప్రిఫరెన్సులలో ఉంది. దానిని మొదటి రోజే పెట్టుకోవాలి. టైమ్‌లైన్ మెనూలో ఆడియో టైమ్ యూనిట్లు చూపించమని అడిగితే ఫ్రేముల గీత పోయి శాంపిళ్ల స్థాయిలో కోయడానికి వీలవుతుంది. ఏళ్ల తరబడి ప్రీమియర్ వాడుతున్న వారిలో కూడా ఈ సంగతి తెలియనివారు ఉన్నారు, అందుకే ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఎసెన్షియల్ సౌండ్ ప్యానెల్‌లో క్లిప్పును మాట అనో, సంగీతం అనో గుర్తిస్తే దానికి తగిన పరికరాలు ముందుకు వస్తాయి. మాట వచ్చినప్పుడు సంగీతాన్ని దానంతట అదే తగ్గించే డకింగ్ ఇక్కడే ఉంటుంది. మాటను మెరుగుపరిచే ఎన్‌హాన్స్ స్పీచ్ 2024లో ఇందులో చేరింది. లోతైన శస్త్రచికిత్స అవసరమైన క్లిప్పును ఆడిషన్‌కు పంపి, బాగుచేసి, తిరిగి అదే చోటికి రప్పించవచ్చు. ఆ ఆడిషన్ ఒకప్పటి కూల్ ఎడిట్ ప్రో. 2003లో అడోబీ దానిని కొని పేరు మార్చింది.

టేకుల విషయంలో ఇది రిజాల్వ్ కన్నా వెనుకబడి ఉంది. అదే ట్రాకులో అదే చోట మళ్లీ రికార్డు చేస్తే టైమ్‌లైన్ మీద పాత క్లిప్పు స్థానంలోకి కొత్తది వస్తుంది. పాత ఫైలు ప్రాజెక్టు ప్యానెల్‌లో ఉంటుంది గాని, పోల్చి వినడానికి దానిని వెతికి తెచ్చుకోవాలి. అన్నింటికన్నా పెద్ద విషయం, ఇది చందా మీద నడిచే సాఫ్ట్‌వేర్. నెల నెలా వీడియోల మీద ఆదాయం ఉన్నవారికి, ఆఫీసులో ఇప్పటికే చందా ఉన్నవారికి అది భారం కాదు. సంవత్సరానికి నాలుగు వీడియోలు చేసేవారు మాటను రికార్డు చేయడం కోసమే దీనికి చందా కట్టడం నాకు సమంజసంగా అనిపించదు.

## కెడెన్‌లైవ్, ఫైనల్ కట్ ప్రో

కెడెన్‌లైవ్ పూర్తిగా ఉచితం, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. పాత ల్యాప్‌టాప్‌లలో కూడా ప్రాక్సీ క్లిప్పుల (ఎడిటింగ్ కోసం బరువు తగ్గించిన నకళ్ల) సాయంతో ఓపికగా నడుస్తుంది. ట్రాకు మీద రికార్డింగ్ కంట్రోళ్లు చూపించమని అడిగితే, బొమ్మను చూస్తూ నేరుగా మాట చెప్పవచ్చు. కత్తిరింపు మాత్రం ఫ్రేముల లెక్కనే. శుభ్రపరిచే పరికరాలు ఉన్నా, వాటిని నమ్ముకుని మొత్తం పని చేయమని నేను చెప్పలేను. దీనికి సరైన జోడీ ఆడాసిటీ. కెడెన్‌లైవ్ సెట్టింగులలో ఆడియో క్లిప్పులను తెరవడానికి బయటి సాఫ్ట్‌వేర్‌గా ఆడాసిటీని పేర్కొనవచ్చు కూడా.

ఫైనల్ కట్ ప్రో ఆపిల్ పరికరాలలో మాత్రమే నడుస్తుంది. వాయిస్ ఓవర్ రికార్డింగ్, గొంతును వేరుచేసే సౌకర్యం, ఫ్రేము కన్నా సూక్ష్మంగా ఆడియోను సర్దే వీలు ఉన్నాయి. మ్యాక్ ఇప్పటికే ఉండి, ఒక్కసారి డబ్బు పెట్టి కొనుక్కోవాలనుకునేవారు దీనిని నిశ్చింతగా ఎంచుకోవచ్చు.

## ఆడాసిటీలో విడిగా చేయడం

ఆడాసిటీ మొదటిసారి 2000లో విడుదలైంది, ఇప్పటికీ ఉచితమే. ఇది బొమ్మను చూపించదు. బొమ్మ వెంట మాట నడవవలసినవారికి ఆ ఒక్క కారణం చాలు, దీనిలో రికార్డు చేయకుండా ఉండడానికి. మాట వెంట బొమ్మ నడిచేవారికి మాత్రం ఇందులోని పంచ్ అండ్ రోల్ అనే పద్ధతి ఎంతో మేలు చేస్తుంది. కథ చదువుతూ ఒక వాక్యంలో నాలుక తడబడిందనుకోండి. ఆపి, తప్పు మొదలైన చోట కర్సరు పెట్టి ఆజ్ఞ ఇస్తే, అంతకుముందు చదివిన ఐదు సెకన్లు మీకు వినిపించి, సరిగ్గా ఆ చోటు నుంచి రికార్డింగ్ మళ్లీ అందుకుంటుంది. ఆ ఐదు సెకన్లు మీ గొంతు మీరే వింటారు కాబట్టి, ఏ స్థాయిలో, ఏ వేగంతో చదువుతున్నారో అదే ఒరవడిలో కొనసాగించగలుగుతారు. అరగంట కథ చదివిన తరువాత ఏరవలసిన తప్పులు దాదాపు ఉండవు. వీడియో ఎడిటర్‌లో అరగంట చదివి, ఆ తరువాత తప్పులు వెతుక్కుంటూ గంట కూర్చున్నవారికి ఈ తేడా బాగా తెలుస్తుంది.

నాయిస్ రిడక్షన్ రెండు మెట్లలో జరుగుతుంది. మాట లేని చోట గది చప్పుడును ఎంపిక చేసి నమూనాగా చూపించాలి, తరువాత మొత్తం మీద వర్తింపజేయాలి. అందుకే ప్రతి రికార్డింగ్ మొదట్లోనూ పది సెకన్లు ఊపిరి బిగబట్టి కూర్చోవడం నాకు అలవాటు. తగ్గింపు 6 నుంచి 12 డెసిబెల్స్ మధ్య ఉంచితే చాలు. అంతకు మించితే గొంతు నీళ్లలోంచి వచ్చినట్లుంటుంది. హమ్ కోసం 50 హెర్ట్జ్ దగ్గర నాచ్ ఫిల్టర్ పెట్టవచ్చు. కోసిన చోట టిక్కుమనే చప్పుడు వస్తుంటే, ఎంపిక అంచులను తరంగం సున్నాను దాటే బిందువులకు జరిపే ఆజ్ఞ ఉంది. దానితో చాలావరకు పోతుంది.

ఇదే కోవలో రీపర్ కూడా ఉంది. వ్యక్తిగత వాడకానికి 60 డాలర్ల లైసెన్సు, 60 రోజుల పరిశీలన గడువు. ఇది వీడియోను తెరిచి చూపించగలదు కాబట్టి, ఆడియో సాఫ్ట్‌వేర్ సూక్ష్మతా, బొమ్మను చూస్తూ చెప్పే వీలూ రెండూ కావాలనుకునేవారు పరిశీలించవచ్చు. నేర్చుకోవడానికి మాత్రం కొన్ని వారాలు కేటాయించుకోవాలి.

| చూడవలసినది | రిజాల్వ్ | ప్రీమియర్ ప్రో | కెడెన్‌లైవ్ | ఆడాసిటీ |
|---|---|---|---|---|
| ఖర్చు | ఉచితం. స్టూడియో 295 డాలర్లు | చందా | ఉచితం | ఉచితం |
| బొమ్మ చూస్తూ రికార్డింగ్ | ఉంది, అమరిక కొంత చిక్కు | ఉంది, చాలా తేలిక | ఉంది | లేదు |
| ఫ్రేము కన్నా సూక్ష్మమైన కోత | ఫెయిర్‌లైట్ పేజీలో ఉంది | మెనూలో ఎంచుకుంటే ఉంది | లేదు | ఉంది |
| టేకుల నిర్వహణ | పొరలుగా. అన్నింటికన్నా మేలు | వెతికి తెచ్చుకోవాలి | సాధారణం | పంచ్ అండ్ రోల్ |
| ఫ్యాను రొద, హమ్ తగ్గింపు | రెండూ ఉన్నాయి | రెండూ ఉన్నాయి | పరిమితం | రెండూ ఉన్నాయి |
| పాత కంప్యూటర్‌లో | కష్టం | కష్టం | ఫర్వాలేదు | సులభం |

## ఏది ఎంచుకున్నా మారని కొన్ని జాగ్రత్తలు

శాంపిల్ రేటు అన్నిచోట్లా 48 కిలోహెర్ట్జ్ ఉంచండి. సీడీల కాలం నుంచి వచ్చిన 44.1 చాలా కంప్యూటర్లలో మైకు సెట్టింగుగా మిగిలిపోయి ఉంటుంది. వీడియోల లెక్క మాత్రం 48. బిట్ డెప్త్ (ఒక్కో శాంపిల్‌ను ఎంత సూక్ష్మంగా కొలుస్తామన్నది) 24 ఉంటే లెవెల్ కొంచెం తక్కువగా రికార్డయినా తరువాత ధైర్యంగా పెంచుకోవచ్చు. ఈ లెక్కన మోనో ఫైలు నిమిషానికి దాదాపు 8.6 మెగాబైట్లు అవుతుంది. గంట మాట అర గిగాబైటు అనుకోవచ్చు. గట్టిగా పలికినప్పుడు మీటరు మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆడాలి. పూర్తయిన వీడియో మొత్తం బిగ్గరతనం యూట్యూబ్‌కైతే మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (బిగ్గరతనాన్ని కొలిచే ప్రమాణం) దగ్గర ఉంచడం మేలు. అంతకన్నా బిగ్గరగా ఉన్నవాటిని యూట్యూబ్ తగ్గిస్తుంది. తక్కువగా ఉన్నవాటిని పెంచదు కాబట్టి, మెల్లగా రికార్డయిన పాఠం పక్క వీడియో ముందు వెలవెలబోతుంది.

కృత్రిమ మేధతో గొంతును శుభ్రపరిచే పరికరం ఏదైనా సరే, పూర్తి మోతాదులో వాడవద్దు. "ధర్మం"లో ధకారపు ఊపిరి, "కళ్లు"లో నాలుక మడత వంటివి ఆ శుభ్రతలో పలచబడే ప్రమాదం ఉంది. సగం మోతాదు నుంచి మొదలుపెట్టి, ఒత్తక్షరాలు ఎక్కువగా ఉన్న వాక్యం ఒకటి వింటూ పెంచుకుంటూ పోవాలి.

ఒకసారి నలభై నిమిషాల పాఠం మొత్తం చెప్పిన తరువాత తెలిసింది, ఎదురుగా ఉన్న మంచి మైకు బదులు వెబ్‌క్యామ్‌లోని మైకు రికార్డు చేసిందని. యూఎస్‌బీ తీగను తీసి పెట్టినప్పుడు కంప్యూటర్ తనంతట తాను ఇన్‌పుట్‌ను మార్చుకుంది. గొంతు నాలుగు అడుగుల దూరం నుంచి, గోడల మోతతో కలిసి వినబడింది. ఆ పాఠం మళ్లీ మొదటి నుంచి చెప్పవలసి వచ్చింది. అప్పటి నుంచి ప్రతిసారీ రికార్డు నొక్కేముందు మైకు జాలీ మీద గోటితో మెల్లగా గీస్తాను. స్క్రీను మీద మీటరు గట్టిగా ఎగిరితే అదే మైకు. వెబ్‌క్యామ్ మైకు అయితే ఆ గీత దాదాపు వినబడదు.

## ఎవరికి ఏది

వంట, చేతిపని వీడియోలు చేసేవారిలో మంచి కంప్యూటర్ ఉన్నవారు రిజాల్వ్ ఉచిత వెర్షన్‌నూ, చందా ఇప్పటికే ఉన్నవారు ప్రీమియర్‌నూ తీసుకుని, మాటను అందులోనే రికార్డు చేయడం మంచిది. ఒక సూచన మాత్రం ఉంది. పన్నెండు నిమిషాల వీడియోను ఒకే ఊపులో చెప్పాలని ప్రయత్నించవద్దు. రెండు మూడు నిమిషాల ఘట్టాలుగా విడగొట్టుకుంటే గొంతు అలసట వినబడదు.

కథలు, పాఠాలు చెప్పేవారు ఆడాసిటీలో మాటను పూర్తిచేసి, వేవ్ ఫైలుగా తీసుకుని, తమకు నచ్చిన ఏ వీడియో ఎడిటర్‌లోనైనా బొమ్మలు పేర్చుకోవచ్చు. వీరికి కెడెన్‌లైవ్ అయినా సరిపోతుంది. ఎందుకంటే సూక్ష్మమైన కోతలన్నీ ముందే అయిపోయి ఉంటాయి. బడ్జెట్ లేని ఉపాధ్యాయులకు, పాత ల్యాప్‌టాప్‌లున్న విద్యార్థులకు నేను సందేహం లేకుండా చెప్పే జంట ఇదే.

లఘు చిత్రానికి డబ్బింగ్ చెప్పించేవారికి రిజాల్వ్‌లోని ఏడీఆర్‌కు దగ్గరగా వచ్చేది ఈ జాబితాలో మరొకటి లేదు. షూటింగ్‌లో వచ్చిన పైలట్ ట్రాకును తీసేయకుండా పక్క ట్రాకులో ఉంచుకోవాలి. నటులు తమ పాత ఉచ్చారణ విని ఆ లయలోనే చెప్పగలుగుతారు, పెదవులకు మాట కుదరడం తేలికవుతుంది.

ఫోను మీదే అంతా చేసేవారు కైన్‌మాస్టర్ వంటి యాప్‌లలో ఉన్న వాయిస్ బొత్తాంతో చిన్న వీడియోలకు మాట చెప్పుకోవచ్చు. మూడు నిమిషాలు దాటిన వీడియోకు మాత్రం, ఫోనులోని రికార్డర్ యాప్‌లో విడిగా చదివి యాప్‌లోకి తెచ్చుకోవడం నయం. టేకులను పోల్చడానికి ఫోను తెర మీద చోటు చాలదు.

ప్రవచనాలు, సభలు, కచేరీలు గంటల తరబడి రికార్డు చేసేవారి ఇబ్బంది వేరు. ఫోనుతో వీడియో, విడి రికార్డర్‌తో ఆడియో తీసినప్పుడు మొదట్లో చప్పట్లతో కలిపి సరిచూసినా, గంట గడిచేసరికి పెదవులకూ మాటకూ ఎడం వస్తుంది. రెండు పరికరాల గడియారాలు ఒకేలా నడవకపోవడం దీనికి ఒక కారణం. ఆ తేడా గంటకు రెండు మూడు ఫ్రేములుంటుంది. మధ్య మధ్య విరామాల దగ్గర ఆడియోను కోసి జరిపితే సరిపోతుంది. ఫోను వీడియో ఫ్రేము రేటు స్థిరంగా లేకపోవడం రెండో కారణం. ఎడం అంతకన్నా ఎక్కువగా ఉంటే ఇదే అయి ఉండవచ్చు. అప్పుడు ఎడిటర్‌లోకి తేకముందే ఉచితంగా దొరికే హ్యాండ్‌బ్రేక్‌తో వీడియోను స్థిరమైన ఫ్రేము రేటుకు మార్చుకోవాలి. ఆడియోను సాగదీసి సరిపెట్టాలని చూస్తే గొంతు చెడుతుంది.

విజయవాడలో ఒకరు, డాలస్‌లో ఒకరు కూర్చుని సంభాషణ వీడియోలు చేసే అక్కాచెల్లెళ్లు, స్నేహితులు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వీరు కాల్‌లో వచ్చిన ఆడియోను వాడకుండా, ఎవరి గొంతును వారే తమ కంప్యూటర్‌లో ఆడాసిటీలో 48 కిలోహెర్ట్జ్ దగ్గర రికార్డు చేసి, ఫైలును పంపుకోవాలి. మొదట్లో ఇద్దరూ ఒకేసారి ఒక చప్పట్లు కొడితే, ఎడిటర్‌లో రెండు ట్రాకులను దాదాపుగా ఆ గీత దగ్గర కలపవచ్చు. కాల్‌లోని ఆలస్యం మేరకు తేడా ఉంటుంది, దానిని సంభాషణ వింటూ సర్దుకోవాలి. హమ్ తీసేటప్పుడు రెండు ట్రాకులకూ ఒకే అమరిక పనికిరాదు. విజయవాడ ట్రాకులో 50 హెర్ట్జ్, డాలస్ ట్రాకులో 60 హెర్ట్జ్ పెట్టాలి.